కార్బన్ల సైజు మిషన్ మీదే ముద్రించాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మేము కటింగ్ మిషన్ అని పిలిచే కరెంటు రంపంతో బతుకుతున్న వడ్రంగిని. దాని మోటారులో తిరిగే కమ్యుటేటర్‌కు (రాగి పట్టీలు పేర్చిన గుండ్రటి భాగం) కరెంటు అందించే రెండు కార్బన్ బ్రష్‌లు, అంటే మేము కార్బన్లు అనే చిన్న ముక్కలు, నిత్యం ఒరుసుకుంటూ పనిచేస్తాయి కనుక అవి అరగడం సహజం, మిషన్ లోపం కాదు. అయితే పొట్టివైన కార్బన్ల మీద స్ప్రింగు పట్టు తగ్గి, నిప్పురవ్వలు పెరిగి, కోత మధ్యలో మిషన్ ఆగి ఆగి నడుస్తున్నా అలాగే వాడితే కమ్యుటేటర్ కాలిపోయి, చివరకు ఆర్మేచరే, అంటే కమ్యుటేటర్‌తో సహా మోటారులో తిరిగే తీగచుట్ల భాగమంతా, మార్చవలసి వస్తుంది.

నిరుడు వేసవిలో టేకు గుమ్మాల పని మధ్యలో నాకు ఇదే జరిగింది. మా ఊరి దుకాణంలో సరైన సైజు లేక, కొంచెం పెద్దవి ఇచ్చి ఆకురాయితో అరగదీసి వేసుకోమన్నారు. వాటిలో ఒకటి హోల్డర్‌లో, అంటే కార్బన్ కూర్చునే గూటిలో, బిగుసుకుపోయి కమ్యుటేటర్‌ను సరిగా తాకకపోవడంతో, పదుల రూపాయలతో తీరవలసిన మరమ్మతు ఆర్మేచర్ ఖర్చు దాకా వెళ్లింది. నాలుగు రోజుల కూలీ కూడా పోయింది.

నిజానికి బయట మూతలున్న మిషన్లలో ఇది పది నిమిషాల పని. ప్లగ్ తీసి, మూతలు విప్పి, పాత కార్బన్లు ఏ వైపు తిరిగి ఉన్నాయో గుర్తుపెట్టుకుని, హోల్డర్‌లోని రంపపు పొట్టు దులిపి, ఒకటే అరిగినట్టు కనిపించినా రెండూ కలిపే మార్చాలి. కొత్తవి హోల్డర్‌లో సులువుగా జారాలి. తరువాత కొన్ని నిమిషాలు చెక్క పెట్టకుండా తిప్పితే వాటి ముఖం కమ్యుటేటర్ వంపుకు కుదురుకుంటుంది.

తయారీదారులను నేను కోరేది ఒక్కటే: కార్బన్ సైజునూ, ఎంత పొడవు మిగిలినప్పుడు మార్చాలో ఆ కొలతనూ మిషన్ మీదే చెరగకుండా ముద్రించి, మిషన్ అమ్మిన దుకాణంలోనే ఆ సైజు కార్బన్లు దొరికేలా చూడాలి. కొన్న వస్తువును సులువుగా బాగు చేయించుకోగలిగే మరమ్మతు హక్కు విధానం కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాల రంగాలను ఎంచుకుంది. రైతు పరికరానికి ఇచ్చిన ఆ చోటును వడ్రంగి పనిముట్టుకు కూడా పేరు పెట్టి ఇవ్వాలని ఆ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వడ్రంగి, తెనాలి