కార్డు మింగితే లెక్కలేదా? రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గవర్నర్ గారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి నమస్కారాలు. రిజర్వ్ బ్యాంకే ఇచ్చిన 2019 సెప్టెంబరు సర్క్యులర్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో కోత పడితే ఐదు రోజుల్లో తిరిగి వెయ్యాలి, దాటితే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. మంచి మాట. మరి మెషీన్ కార్డునే మింగేస్తే? ఆ సర్క్యులర్‌లోని పట్టికంతా వెతికాను. దానికి ఒక్క వరుస కూడా లేదు.

మా అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఖాతా కదిరిలో, మనిషి మా దగ్గర. మా వీధి చివరి ఏటీఎం ఆమె కార్డు లాక్కుని, ఏమీ ఎరగనట్టు మళ్లీ స్వాగతం పలికింది. వాచ్‌మన్ లేడు. గోడ మీది ఫోన్ నంబరు సగం చెరిగిపోయింది. ఎవరో వచ్చి "పిన్ మళ్లీ కొట్టి చూడండమ్మా" అన్నాడు. స్లాట్‌లో ఏదైనా అడ్డు పెట్టారేమోనని భయమేసి కొట్టనివ్వలేదు. అక్కడే నిలబడి అమ్మ బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను. అంతవరకూ మీ ప్రకటనల్లో చెప్పినట్టే నడుచుకున్నాం సార్.

అసలు కష్టం ఆ తర్వాత. మెషీన్ వేరే బ్యాంకుది. "బయటి కార్డులు తిరిగివ్వం, ధ్వంసం చేస్తాం, మీ బ్యాంకునే అడగండి" అన్నారు. భద్రత కోసమే, సరే. అమ్మ బ్యాంకు ఇక్కడి శాఖలో అడిగితే హోమ్ బ్రాంచ్‌కు, అంటే ఖాతా ఉన్న కదిరి శాఖకు వెళ్లమన్నారు. హోమ్ బ్రాంచ్‌కు ఫోన్ చేస్తే ఆమే వచ్చి సంతకం పెట్టాలన్నారు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని మనిషి! బతిమాలితే కొత్త కార్డు పంపారు, కదిరి అడ్రసుకు. తాళం వేసిన ఇల్లు చూసి అది వెనక్కి పోయింది. అర్జీ ఇచ్చాం, మెయిళ్లు పెట్టాం. "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మీరైనా కనుక్కుని చెబుతారా? కొత్త కార్డు ఛార్జీ మాత్రం ఠంచనుగా కోశారు. దానికి ఏ హోమ్ బ్రాంచూ అడ్డు రాలేదు.

యూపీఐ ఉంది కదా అంటారు. అమ్మది బటన్ల ఫోను. ఆమె సిమ్ నా ఫోన్‌లో వేసి చూస్తే పిన్ పెట్టుకోవడానికి డెబిట్ కార్డు వివరాలడిగింది. ఆధార్‌తో చేద్దామంటే అందులో ఉన్నది పోయిన నాన్న నంబరు. కార్డు లేకుండా ఏటీఎంలో డబ్బు తీసే సదుపాయానికీ యూపీఐయో, బ్యాంకు యాపో కావాలి. కాబట్టి అమ్మను ఆటో ఎక్కించి, పాస్‌బుక్ పట్టుకుని, ఇక్కడి శాఖలో విత్‌డ్రాయల్ ఫారం మీద తీసుకుంటున్నాం. మందుల డబ్బుకు ఇంత ఊరేగింపు. కౌంటర్లో అమ్మాయి మంచిది, కుర్చీ వేస్తుంది.

బ్యాంకుకు 30 రోజులు గడువిచ్చాక, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే మీ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చని తెలుసు, వెళతాను కూడా. కానీ ప్రతి ముసలమ్మా అంబుడ్స్‌మన్ దాకా వెళ్లాలా సార్? కార్డు మింగిన సంగతిని ఆ పట్టికలో చేర్చండి, రోజుకు 100 రూపాయలు దీనికీ పెట్టండి. కొత్త కార్డును ఖాతాదారు ఉన్న ఊళ్లోనే, ఏ శాఖలోనైనా, ఆధార్ చూసి చేతికివ్వమని బ్యాంకులను ఆదేశించండి. పెన్షనర్లకైనా ముందు ఇది చేయండి, దయచేసి.

ఇట్లు,
ఒక పెన్షనర్ కొడుకు,
మారతహళ్లి, బెంగళూరు