మన చానల్ గాజువాక చేరింది: డబ్బిచ్చినవాళ్ళకీ, పని చేసినవాళ్ళకీ, డబ్బు వెనక్కి తీసుకున్నవాళ్ళకీ థాంక్స్

అందరికీ నమస్కారం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే ఓపిక లేదు, చేసినా ఎవరో ఒకరు మిగిలిపోతారు, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా. విశాఖలో మన లోకల్ కేబుల్ టీవీ చానల్‌కి గాజువాకలో రెండో స్టూడియో మొదలైంది. అటు గాజువాకలోనూ, ఇటు గోపాలపట్నం వైపూ కేబుల్ బాక్సుల్లో మన చానల్ వస్తోంది. చందాల డబ్బు సరిపోయింది, కొంచెం మిగిలింది కూడా, అది ఎక్కడికి పోతుందో కింద చెప్తాను. పైసాతో సహా లెక్క రాసిన కాగితాలు వన్‌టౌన్ స్టూడియో మెట్ల దగ్గర బోర్డుకి అంటించాం. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, ఫొటో తీసుకోవచ్చు, అర్థం కాకపోతే గట్టిగా అడగొచ్చు.

ఈ మధ్యే చూడటం మొదలుపెట్టినవాళ్ళు ఇది ఎవరి చానల్, ఏ పార్టీది అని అడుగుతున్నారు. ఏ పార్టీదీ కాదు. శాటిలైట్ చానల్ కూడా కాదు. మీ ఇంటికి కేబుల్ ఇచ్చే ఎంఎస్‌ఓకి (చానళ్ళన్నీ తీసుకుని లోకల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్ళకి పంపే సంస్థ) తన సొంత చానళ్ళు కొన్ని నడుపుకునే వీలుంది, వాటిని ప్లాట్‌ఫాం సర్వీసులు అంటారు. పాత సినిమాలు, పాటలు వేసే లోకల్ చానళ్ళు చాలావరకు అవే. 2022 నవంబరులో కేంద్రం వీటికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కో చానల్‌కి ఒకేసారి కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు 1,000 రూపాయలు, ఎంఎస్‌ఓ మోయగల మొత్తం చానళ్ళలో ఇవి 5 శాతం దాటకూడదు, లోకల్ వార్తలు వేయాలంటే ఆ ఎంఎస్‌ఓ కంపెనీగా రిజిస్టర్ అయి ఉండాలి. మన చానల్ అలాంటి ఒక స్లాటులో నడుస్తోంది. రిజిస్ట్రేషన్ వాళ్ళ పేరు మీద ఉంది, ప్రోగ్రాములు మన సొసైటీ చేసి ఇస్తుంది. అంటే ఆ స్లాటు వాళ్ళు ఇచ్చింది, రేపు వద్దంటే మనం చేయగలిగేది పెద్దగా లేదు. అయినా ఇన్నాళ్ళుగా ఒక్క రూపాయి అడగకుండా, ఏం వేస్తున్నారని స్క్రిప్టు చూపించమనకుండా ఇచ్చారు. సినిమా వేసుకుంటే యాడ్స్ వచ్చే స్లాటు అది. మొదటి థాంక్స్ వాళ్ళకే. తర్వాత వాళ్ళ కింద పనిచేసే ఆపరేటర్లకి, ఎండలో స్తంభాలెక్కే కుర్రాళ్ళకి.

రేడియోకి మన దేశంలో పరిస్థితి నయం. కమ్యూనిటీ రేడియోకి విధానం ఉంది, 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకి కూడా లైసెన్సులు ఇస్తున్నారు. మన తెలుగువాళ్ళే జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో 2008 నుంచి ఊరి ఆడవాళ్ళతో స్టేషన్ నడిపిస్తున్నారు. టీవీకి అలాంటి విధానం ఏదీ లేదు. అమెరికాలో ఉన్న మా బంధువు ఒకాయన, మా ఊళ్ళో మున్సిపాలిటీ వాళ్ళే కెమెరా అరువిస్తారు, ఎవరైనా వెళ్ళి ప్రోగ్రాం చేసుకోవచ్చు అని చెప్తే మొదట నేను నమ్మలేదు. తర్వాత చదివితే తెలిసింది. 1984లో అక్కడ వచ్చిన కేబుల్ చట్టం ప్రకారం ఊరు తన వీధుల్లో తీగ వేసుకోనిచ్చినందుకు కేబుల్ కంపెనీ దగ్గర ఆదాయంలో 5 శాతం దాకా ఫీజు వసూలు చేయొచ్చు, జనం కోసం చానళ్ళు కేటాయించమని కూడా అడగొచ్చు. చాలా ఊళ్ళు ఆ డబ్బులో కొంత ఇలాంటి స్టేషన్లకి ఇస్తాయి. అక్కడా 5 శాతమే, ఇక్కడా 5 శాతమే, కాకపోతే అక్కడిది డబ్బు, ఇక్కడిది హద్దు! (ఇప్పుడు అక్కడ కూడా జనం కేబుల్ తీయించేస్తున్నారు కాబట్టి ఆ ఆదాయం తగ్గిపోతోందట, అది వేరే కథ.)

చట్టం ఇవ్వని డబ్బు మీరు ఇచ్చారు. పూర్ణా మార్కెట్ కొట్లవాళ్ళు, కంచరపాలెం ఆటో స్టాండు వాళ్ళు, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దలు, అల్లిపురంలో టైలరింగ్ నేర్పే అక్కలు. జాలరిపేట నుంచి వచ్చిన చందా మాత్రం విడిగా చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి, ఇంట్లో పైసా ఆడదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, మేం అడగకుండానే, పేట ఆడవాళ్ళు తలా కొంచెం వేసుకుని తెచ్చి ఇచ్చారు. ఇప్పుడొద్దు పిన్నీ, వేట మొదలయ్యాక చూద్దాం అంటే ఒకావిడ కసిరింది. "ఏటి బాబూ, మా కాడ డబ్బు తీసుకోడానికి కూడా సీజను సూత్తావేటి?" అంది. తీసుకున్నాం. నిషేధం భృతికి ఎవరి పేరు జాబితాలో ఉంది, ఎవరిది ఎందుకు పోయింది, బోటు కాగితాలు ఎక్కడ సరిచేయించుకోవాలి అని పోయినసారి మనం వరసగా వేసిన ప్రోగ్రాములు వాళ్ళకి అంత గుర్తున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

డబ్బు ఇచ్చినా మేం తీసుకోలేకపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి నేను ఎక్కువ బాకీ. విదేశీ విరాళాల చట్టం ప్రకారం వార్తలు, కరెంట్ అఫైర్స్ ప్రోగ్రాములు తయారుచేసే లేదా ప్రసారం చేసే సంస్థలు విదేశీ విరాళం అసలు తీసుకోకూడదు. మేం వార్తలు చదవం. కానీ వార్డులో డ్రైనేజీ గురించి కార్పొరేటర్ని కూర్చోబెట్టి గంటసేపు అడిగితే అది కరెంట్ అఫైర్స్ కాదని ఎవరు ఒప్పుకుంటారు? ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు, బయట దేశంలో ఉన్నా సరే, తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే వస్తుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా వస్తుంది. ఎంవీపీ కాలనీలో పుట్టి పెరిగిన మనిషికి ఫోన్ చేసి "అన్నయ్యా, చట్టం ప్రకారం నువ్వు విదేశీయుడివి, డబ్బు వెనక్కి పంపేస్తున్నాం" అని చెప్పడం ఎంత ఇబ్బందో చెప్పలేను. ఒకరిద్దరు నవ్వారు, ఒకాయన నొచ్చుకున్నారు. ఆయన ఇది చదువుతుంటే, సారీ అన్నయ్యా, మా ఆడిటరుగారి మాట విన్నాం. దీపావళికి వచ్చినప్పుడు స్టూడియోకి రండి, కెమెరా వెనక నిలబడటానికి ఏ పాస్‌పోర్టూ అడగం.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు ఎందుకు అడగలేదని కొందరు అడిగారు. అడిగాం. బాగా లాభాలున్న కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం అలాంటి పనులకి పెట్టాలని చట్టంలో ఉంది నిజమే. ఒక సంస్థ ముందుకొచ్చింది కూడా, కానీ స్క్రీన్ మూల రోజంతా వాళ్ళ బొమ్మ ఉండాలన్నారు, కాలుష్యం మీద చర్చలు "కొంచెం చూసుకుని" పెట్టమన్నారు. విశాఖలో ఉంటూ కాలుష్యం మీద చూసుకుని మాట్లాడటం మావల్ల కాదు. అక్కడితో అయిపోయింది.

ఇక ఖర్చు. అందరూ కెమెరాలకే ఎక్కువ అయిందనుకుంటున్నారు. కెమెరాలు దాదాపు ఉచితం! అవి పెళ్ళి వీడియోల తమ్ముళ్ళు ఇచ్చినవి. వాళ్ళ రంగంలో ప్రతి సీజనుకీ కొత్త మోడల్ కొనకపోతే ఆర్డర్లు రావు, పాతవి బీరువాలో పడి ఉంటాయి. అవి మనకి బంగారం. వాళ్ళ దగ్గరున్న పాత మిక్సింగ్ యూనిట్ కూడా ఇచ్చేశారు. అన్నిటికంటే పెద్ద సాయం ఏంటంటే మూఢంలో, ఆషాఢంలో, ముహూర్తాలు లేని రోజుల్లో వాళ్ళే వచ్చి మన పిల్లలకి పని నేర్పించారు. పెళ్ళిలో తాళి కట్టే క్షణం రెండోసారి రాదు కాబట్టి వాళ్ళు దేన్నీ వదలరు, ఆ చురుకు ఏ కోర్సులోనూ రాదని నా అభిప్రాయం.

డబ్బు అంతా కనపడని వాటికి పోయింది. వీడియోని కేబుల్‌లో పంపడానికి వీలుగా మార్చే ఎన్‌కోడర్, యూపీఎస్, బ్యాటరీలు, ఎర్తింగ్. వేసిన ప్రతి ప్రోగ్రామూ 90 రోజులు దాచి ఉంచాలని మార్గదర్శకాల్లో ఉంది. సెకనుకి 4 మెగాబిట్ల లెక్కన రోజుకి 43 జీబీ, 90 రోజులకి దాదాపు 4 టెరాబైట్లు. డిస్కు ఒకటి పోయినా గొడవ లేకుండా రెండో కాపీ కూడా పెట్టుకోవాలి. అవన్నీ కొన్నాం. తర్వాత మన ఉప్పు గాలి. వన్‌టౌన్‌లో కిటికీ తీస్తే హార్బర్ గాలి నేరుగా వస్తుంది, కనెక్టర్లకి చిలుము పడుతుంది, వానాకాలంలో లెన్సులకి బూజు పడుతుంది. గాలి చొరబడని పెట్టెలు, సిలికా జెల్, ఏసీ. ఏసీ శబ్దం మైకులో వినపడకుండా గోడలకి కట్టే మందపాటి పరదాలు అల్లిపురం అక్కలు కుట్టి ఇచ్చారు, గుడ్డ కూడా వాళ్ళదే. గాజువాకలో గది ఇచ్చినాయన అద్దె వద్దన్నారు, కరెంటు బిల్లు మాత్రం కట్టుకోండి అన్నారు. చాలా సంతోషం.

వీటన్నిటినీ దగ్గరుండి బిగించింది దూరదర్శన్‌లో చేసి రిటైరైన ఒక ఇంజినీరుగారు. పేరు రాయొద్దన్నారు. టీ వచ్చిన ప్రతిసారీ 1975 నాటి సైట్ ప్రయోగం మొదలుపెడతారు: ఏటీఎస్-6 ఉపగ్రహం, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళు, ఏడాదిపాటు డిష్ పెట్టి టీవీ చూపించడం. ఏడాది అయ్యాక ఉపగ్రహం అమెరికావాళ్ళది కాబట్టి వాళ్ళు తీసుకెళ్ళిపోయారు, ఊళ్ళో సెట్లు మిగిలాయి. ఆయన ఆ కథ చెప్పేది మమ్మల్ని హెచ్చరించడానికే. సామాను ఒకసారి కొంటారు సరే, ప్రతి నెలా నడిపేదెవరు అని ఆయన ప్రశ్న.

అందుకే మిగిలిన డబ్బు ముట్టుకోవడం లేదు. బ్యాంకులో వేశాం, అది కరెంటుకి, ఇంటర్నెట్‌కి, బ్యాటరీలు మార్చడానికి మాత్రమే. కొందరు ఇంకో కెమెరా కొనమన్నారు, డ్రోన్ కొనమన్నారు. నన్నడిగితే డ్రోన్ వద్దు. నెలకి వంద రూపాయలు ఇచ్చే మనుషులు, ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చే దాత కంటే మనకి ఎక్కువ అవసరం. ఇప్పటికే కొంతమంది అలా మొదలుపెట్టారు, వాళ్ళకి రెండు థాంక్స్. రసీదులు అందరికీ పంపుతున్నాం. నగదుగా 2,000 దాటి ఇచ్చినవాళ్ళకి ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు రాదు, అది ముందే చెప్పాం, మళ్ళీ చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టొద్దు.

ఇంత కష్టపడి టీవీ ఎందుకు, ఫోన్లున్నాయి కదా అన్నవాళ్ళకి కూడా ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ చానల్ ఉన్నా ఆ వారం ఎందుకూ పనికొచ్చేది కాదు, కరెంటే లేదు. గొప్పలు చెప్పను. కానీ కరెంటు వచ్చిన తర్వాతి వారాల్లో ఏ వీధికి ఏ రోజు ట్యాంకరు, ఇల్లు పోయినవాళ్ళు ఏ కాగితాలు పట్టుకుని ఎక్కడికి వెళ్ళాలి, ఇవి చెప్పే దిక్కు లేక జనం తిరిగారు. హైదరాబాద్ నుంచి వచ్చే చానల్ మన బురుజుపేట వీధి గురించి ఎందుకు చెప్తుంది? 98 వార్డుల ఊరు ఇది. ఇంట్లో ఫోన్ చూడలేని పెద్దవాళ్ళు రిమోట్ మాత్రం వదలరు. గాజువాకలో మొదలుపెట్టిన రోజే ఒక తప్పెటగుళ్ళ బృందం వచ్చి ఆడింది, స్టూడియో చిన్నదై సగం మంది గుమ్మం బయట గెంతారు, అయినా వేశాం. మర్నాడంతా మళ్ళీ వేయమని ఫోన్లే.

ఇప్పుడు తర్వాతి పని, ఇది ఆలోచించే ఈ పోస్టు ఇవాళ పెడుతున్నా. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ లైవ్ ఇద్దామని ఉంది. 32 కిలోమీటర్లు, లక్షల మంది జనం. అంత జనంలో మొబైల్ నెట్‌వర్క్ మీద లైవ్ పెట్టడం జరిగే పని కాదు, సిమ్‌లు ఎన్ని పెట్టినా అందరి ఫోన్లూ అదే టవర్ మీద పడతాయి. అందుకని దారి పొడవునా కేబుల్ ఆపరేటర్ ఫైబర్ వెళ్ళే ఇళ్ళ దగ్గర కెమెరాలు పెడతాం. ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు ఉండవు, వీడియో తమ్ముళ్ళు అందరూ ఖాళీయే, వస్తామన్నారు. కావలసింది ఇళ్ళు. అడవివరం, హనుమంతవాక, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, ఈ ఏరియాల్లో ప్రదక్షిణ దారిలోనే ఇల్లు ఉండి, మేడ మీదో వరండాలోనో ఒక ప్లగ్ పాయింటు, రాత్రంతా ఇద్దరు కుర్రాళ్ళు కూర్చునే చోటు ఇవ్వగలిగినవాళ్ళు స్టూడియోకి కబురు పెట్టండి. తిండి వాళ్ళే తెచ్చుకుంటారు, బాత్రూం మాత్రం వాడుకోనివ్వాలి.