వీడియో పెట్టగానే చరిత్ర పాఠం అయిపోదు

సంపాదకులకు,

ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో చదవొచ్చని యూజీసీ 2021లోనే నిబంధన తెచ్చింది. విశ్వవిద్యాలయాలు సొంతంగానూ ఆన్‌లైన్ పాఠాలు చేయిస్తున్నాయి. మంచిదే. కానీ చరిత్ర, తెలుగు శాఖల్లో అదంతా గంట ఉపన్యాసాన్ని కెమెరా ముందు అప్పజెప్పడంగా మారింది. ఈ సబ్జెక్టుల్లో అసలు పని ఆధారాన్ని దగ్గర పెట్టుకుని చదవడంలో ఉంది.

1289 నాటి చందుపట్ల శాసనాన్నే తీసుకోండి. రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు మరణించాక వారి పుణ్యం కోసం ఇచ్చిన దానం అందులో ఉంది. తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో పోరులో ఆమె చనిపోయిందన్నది చరిత్రకారులు కట్టిన ఊహ. గైడ్లు మాత్రం దాన్ని కళ్లారా చూసినట్టే రాస్తాయి. వారం పాఠానికి ఇదొక్కటి చాలు: శాసనం ఫొటో, పక్కనే అందులోని మాటలు టైపు చేసిన పాఠ్యం, 10 నిమిషాల ఆడియో, ఒకే ప్రశ్న. 'శాసనం చెప్పిందేమిటి, మనం కలుపుకున్నదేమిటి?' జవాబు 150 మాటలు దాటకూడదు.

ఈ ప్రశ్నను ఆన్‌లైన్ తరగతుల సాఫ్ట్‌వేర్ మూడుల్‌లో మామూలు చర్చావేదికలో పెడితే మొదటివాడు రాసిందే మిగతావాళ్లు మార్చి మార్చి రాస్తారు. అందులోనే ప్రశ్న-జవాబు రకం వేదిక ఉంది; తన జవాబు పెట్టనిదే విద్యార్థికి ఇతరులవి కనిపించవు. 60 మంది క్లాసును పదిహేనేసి మందిగా విడగొట్టాలి. మార్కులు లేకపోతే రెండో వారానికే వేదిక ఖాళీ. ఇంటర్నల్స్‌లో మూడో వంతైనా దీనికివ్వాలి.

పాఠ్యాన్ని యూనికోడ్‌లోనే ఎక్కించాలి. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్ల పీడీఎఫ్‌లో మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, చూపు లేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌కు ఒక్క ముక్కా అందదు. స్కాన్ పేజీలదీ అదే గతి. ఆడియోను 32 కేబీపీఎస్ మోనోలో పెడితే 10 నిమిషాలకు రెండున్నర ఎంబీ లోపే. 500 కేబీపీఎస్‌లో 45 నిమిషాల వీడియో 170 ఎంబీ. హాస్టల్ వైఫై సంగతి తెలిసిందే కదా!

ఇక అధికారులు దాటవేసే లెక్క. ఒక్కో జవాబుకు 5 నిమిషాలనుకున్నా 60 జవాబులకు 5 గంటలు. వాటిని అధ్యాపకుల వారపు పనిగంటల్లో చూపాలి. ఇప్పుడు వీడియో రికార్డింగ్‌కు పెడుతున్న ఖర్చులో కొంత తీసి, జవాబులు దిద్దేందుకు పరిశోధక విద్యార్థులకు గౌరవ వేతనంగా ఇవ్వాలి.

— చరిత్ర, తెలుగు అధ్యాపకులు, హనుమకొండ