మన ఊరి పల్లె బతుకు మ్యూజియం: 2024-25 జమా ఖర్చుల వివరణ

గ్రామస్తులందరికీ, పనుల మీద ఊరు వదిలి ఉంటున్న మనవాళ్ళకీ కమిటీ నమస్కారాలు. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా మ్యూజియానికి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఇక్కడ రాస్తున్నాం. ఇవే లెక్కలు రామాలయం అరుగు దగ్గర, పేటలో కమ్యూనిటీ హాలు దగ్గర, రేవులో టీ కొట్టు గోడకీ అంటించాం.

ముందు జమ. కిందటేడాది మిగులు రూ. 41,300. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి రాయించిన చందాలు రూ. 1,86,450. బయట ఉన్నవాళ్ళు బ్యాంకు ఖాతాకి పంపినవి రూ. 2,24,000. హుండీలో పడినవి రూ. 38,270. సంక్రాంతి మూడు రోజులూ నడిపిన టీ, పూతరేకుల దుకాణం అమ్మకం రూ. 21,480. మొత్తం జమ రూ. 5,11,500. కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తూ వెయ్యి, రెండు వేలు పంపిన మన ఆడపడుచుల పేర్లు పెద్ద మొత్తాలు ఇచ్చినవాళ్ళ పేర్ల పక్కనే బోర్డు మీద రాయించాం. అందరికీ అక్షరం సైజు ఒకటే. ప్రవేశ రుసుము లేదు, పెట్టే ఉద్దేశం కూడా లేదు. గుమ్మం మీద తమ పేరు పెడితే పెద్ద మొత్తం ఇస్తామని ఒకరు ముందుకొచ్చారు. గుమ్మం మీద ఊరి పేరే ఉండాలని మర్యాదగానే చెప్పి, ఆ డబ్బు తీసుకోలేదు.

ఖర్చుల్లో పెద్దది మ్యూజియం ఉన్న ఇల్లే. మండువా లోగిలి పైకప్పు విప్పి పగిలిన పెంకులు మార్చడానికి, చెద తిన్న వాసాల బదులు కొత్తవి వేయడానికి, కూలీలతో కలిపి రూ. 1,92,600 అయింది. పాతవి తాడి వాసాలు కాబట్టి మళ్ళీ తాడివే వేశాం.

అటకకి రూ. 64,800. మ్యూజియంలో అటకకి ఇంత ఖర్చెందుకని కొందరు అడిగారు. 1986 ఆగస్టు గోదావరి వరద నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఆ ఇంటి గోడ మీద గీత ఇప్పటికీ ఉంది. 2022 జులైలో అంత రాలేదు కానీ నీరు గుమ్మం దాటి లోపలికొచ్చింది. అటక ఆ పాత గీతకి మూరెడు ఎత్తున కట్టించాం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే కాగితాలు, ఫొటోలు, మగ్గం సామాను, చెక్క కొలపాత్రలు పైకెక్కించడం మొదలుపెట్టాలి. 13.75 అడుగుల దగ్గర రెండో హెచ్చరిక వచ్చేసరికి ఆ పని అయిపోవాలి. ఎవరు తాళం తీయాలి, ఎవరు మొయ్యాలి అన్నది వీధుల వారీగా పేర్లు రాసి లోపల తలుపు మీద పెట్టాం.

ఇక అందరూ అడుగుతున్న పద్దు: మ్యూజియంలో పాత పనులు చేసి చూపించినవారి కూలి, రూ. 78,000. రోజుకి రూ. 600 చొప్పున 130 పనిదినాలు. మన ఊరివాళ్ళే కదా, చూపించడానికి కూలేంటి అన్న మాట మా దాకా వచ్చింది. దీనికి కమిటీ సమాధానం వివరంగా చెప్పాలి.

మొదట్లో మనకి వచ్చిన సామానంతా పెద్ద ఇళ్ళది: భోషాణాలు, ఇత్తడి గంగాళాలు, పందిరి మంచాలు. అవి అందమైనవే, ఇచ్చినవారికి కృతజ్ఞతలు. కానీ ఈ లంకల్లో వరి పండించినవాళ్ళు, దమ్ముల్లో దిగినవాళ్ళు, వల వేసినవాళ్ళు, కొబ్బరి దింపు తీసినవాళ్ళు లేకుండా పల్లె బతుకు అని బోర్డు ఎలా పెట్టుకుంటాం? వాళ్ళ ఇళ్ళల్లో దాచిపెట్టిన సామాను తక్కువ. వాళ్ళ దగ్గరున్నది చేతిలో పని. గూడ (చేలోకి నీళ్ళు తోడే బుట్ట) వేయాలంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకే ఊపులో కాలవలో ముంచి చేలోకి ఎత్తి పోయాలి. గోడకి తగిలించిన గూడని చూస్తే ఇదేమీ తెలీదు. తాటాకు గిడుగు తల మీద పెట్టుకుని వానలో నాట్లేసిన పెద్దావిడ అది ఎలా అల్లాలో చూపిస్తే పిల్లలు కదలకుండా చూశారు. అలాంటి రోజు ఆమె కూలి పోగొట్టుకోకూడదు. పొలంలో చేస్తే కూలి, మ్యూజియంలో చేస్తే సేవ అనడం న్యాయం కాదని కమిటీ ఏకగ్రీవంగా అనుకుంది.

ఇందులో కొన్ని రోజులు వెంటి (గడ్డి తాడు) చుట్టి ధాన్యం నిల్వ చేసే పురి కట్టించడానికే పోయాయి. మిషన్ కోసిన గడ్డి నలిగి ముక్కలైపోతుంది, వెంటి పేనడానికి పనికిరాదు. అందుకే సార్వాలో ఒక రైతు ఇచ్చిన మడిని కొడవళ్ళతో కోయించాం. ఆ కోత కూలి కూడా ఈ పద్దులోనే ఉంది. పురి లేచాక బడిపిల్లలకి ధాన్యం కొలిపించాం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని చేత్తో పోసి చూసుకున్నారు.

మిగిలినవి: చెదమందు, వేపనూనె, సామాను శుభ్రం చేయించడం రూ. 23,750. పెద్దవాళ్ళ మాటల రికార్డింగు, ఫొటోలు, పేరు పలకలు రూ. 34,200. పొద్దున్నే తలుపు తీసి ఊడ్చి, సాయంత్రం తాళం వేసే ఆమెకి నెలకి రూ. 4,000 చొప్పున రూ. 48,000. ఈ జీతం చాలదు, వచ్చే ఏడాది పెంచాలి. కరెంటు, రసీదు పుస్తకాలు, చిల్లర రూ. 14,360. సంక్రాంతి దుకాణం సరుకు, పందిరి రూ. 11,900. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తూ ఆగినవాళ్ళ వల్లే ఆ దుకాణం నిలబడింది.

మొత్తం ఖర్చు రూ. 4,67,610. నిల్వ రూ. 43,890. అందులో బ్యాంకులో రూ. 41,650, చేతిలో రూ. 2,240.

వెదురు, ఇసుక, కొబ్బరితాళ్ళు, మేస్త్రీలు ఉచితంగా చేసిన పని డబ్బు లెక్కలో కలపలేదు. వాటికి వేరే పుస్తకం ఉంది. సామానుకి రెండు రకాల రసీదులు ఇస్తున్నాం: ఊరికి ఇచ్చేసినవి, చూపడానికి మాత్రమే ఇచ్చినవి. రెండో రకం ఎప్పుడైనా తీసుకెళ్ళొచ్చు. ఈ ఏడాది ఒక పెళ్ళివారు తాము ఇచ్చిన రోలు, రోకలి పసుపు దంచడానికి పట్టుకెళ్ళి, పెళ్ళయ్యాక పసుపు మరకలతోనే తెచ్చిపెట్టారు. ఆ మరకలు కడగొద్దని చెప్పాం.

రేవులో బోర్లించి ఉన్న పాత నావకి షెడ్డు కావాలి. అంచనా సుమారు రూ. 90,000, నిల్వ అందులో సగానికి కూడా చాలదు. గ్రామసభలో మాట్లాడుకున్నాకే చందా మొదలుపెడతాం. ఈలోగా ఎవరూ ఎవరి చేతికీ డబ్బు ఇవ్వొద్దు. వోచర్లు, పాస్‌బుక్కు ప్రతి ఆదివారం ఉదయం 9 నుంచి 12 దాకా మండువాలో బల్ల మీద ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు. చదవడం రానివారికి చదివి వినిపించడానికి కమిటీ సభ్యులు ఒకరు అక్కడే ఉంటారు.