కరివేపాకుకు చిల్లులు పడనివ్వు

రాజమహేంద్రవరం,
జూలై 27.

ప్రియమైన మిత్రమా,

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేక, ఉత్తరం రాస్తానన్నాను. హైదరాబాదులో మీ బాల్కనీలో రోజూ గుప్పెడు నూకలు చల్లుతున్నా పావురాలు తప్ప ఇంకో పిట్ట వాలడం లేదని బాధపడ్డావు కదా. ఆ మాట మూడు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేనూ అదే చేశాను. నూకలు చల్లి, అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను.

మా అమ్మ వరికోతలయ్యాక వెన్నులను జడలా అల్లి వసారా చూరుకు కుచ్చులు కట్టేది, గుర్తుందా? వాటికి పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలుచుకునేవి. అది చూస్తూ పెరిగాం కనుక పిట్టకు గింజ వేస్తే చాలనుకున్నాం. ఆ వసారా వెనకే ఎరువు కుప్ప, గడ్డివాము, బీరపాదు, దడి పొడవునా కలుపు ఉండేవన్నది మరిచిపోయాం. గింజలు తినే పిచ్చుక కూడా గూట్లో కళ్ళు తెరవని పిల్లల నోట్లో పెట్టేది మెత్తటి పురుగులనే. నూకలతో పెద్ద పిట్ట కడుపు నిండుతుంది గానీ సంసారం సాగదు. మన ఇళ్ళ చుట్టూ ఇప్పుడు లేనివి గింజలు కావురా, పురుగులు.

ఈ సంగతి నాకు నేర్పింది కరివేపాకు మొక్క. కిందటి ఏడు వానాకాలంలో మీ చెల్లెలు రెమ్మ కోయడానికి వెళ్ళి, ఆకు మీద ఏదో పిట్ట రెట్ట వేసిందని విసుక్కుంది. నేను కళ్ళజోడు పెట్టుకుని వంగి చూస్తే ఆ రెట్టకు కాళ్ళున్నాయి! ముదురు గోధుమరంగు ఒళ్ళు, మధ్యలో తెల్లటి మరక, పైన నూనె రాసినంత నిగనిగ. నల్ల సీతాకోకచిలుక పిల్ల అది. తినబోయే పిట్టను ఏమార్చడానికి ఆ వేషం. ఇంకాస్త ఎదిగాక, ఒకనాడు కుబుసం విడిచి ఆకుపచ్చగా బయటపడింది. ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు ఎర్రటి కొమ్ములు చాచి ఘాటైన వాసన వదిలింది. మొక్కంతా వెతికితే పదకొండు ఉన్నాయి. కరివేపాకు, నిమ్మ, దబ్బ, ఈ కుటుంబపు ఆకులే వాటి తిండి.

"చారులోకి ఆకు మిగలదు" అంది మీ చెల్లెలు. అదీ నిజమే. అందుకని ఇంకో మొక్క తెచ్చి వంటింటి గుమ్మం పక్కన నాటాం. అది మాకు, పాతది వాటికి. కొత్తదాని మీద గుడ్లు కనబడితే ఆ రెమ్మ తుంచి పాతదాని మీద పెడతాం.

ఆ పురుగుల్లో ఒకటి గోడవారనున్న కర్ర మీద ప్యూపాగా, అంటే రెక్కలు వచ్చేదాకా పొరలో కదలకుండా ఉండే దశకు మారింది. నువ్వు చూసి ఉంటే వదిలి కదిలేవాడివి కాదు. తోకను పట్టుదారంతో కర్రకు అంటించి, నడుము చుట్టూ ఇంకో దారం వేసుకుని, వెనక్కి వాలి నిలబడింది. అచ్చం మన ఊరి తాటితోపులో గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టుకు ఎదురుగా వాలినట్టే. పన్నెండో రోజు పొద్దున ఏడింటికి పొర చిట్లింది. బయటికి వచ్చిన ప్రాణికి రెక్కలు తడిగుడ్డలా ముడుచుకుపోయి ఉన్నాయి. ఒంట్లోని ద్రవం పోటెత్తించి వాటిని కొద్దికొద్దిగా విప్పుకుంది. కాఫీ తాగడం కూడా మరిచిపోయి గంటసేపు నిలబడ్డాను. నల్లటి రెక్కల మీద తెల్ల చుక్కల వరుస పూర్తిగా విచ్చుకున్నాక గోడ దాటి వెళ్ళిపోయింది.

ఈ ఏడు ఇంకో కొత్త చుట్టం వచ్చింది, దర్జీపిట్ట. పిచ్చుక కంటే చిన్నది, ఇటుకరంగు నెత్తి, ఆకుపచ్చ వీపు, నిక్కబొడుచుకున్న తోక. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది. జూన్‌లో నందివర్ధనం చెట్టులో రెండు ఆకులను దగ్గరికి లాగి కుట్టడం మొదలుపెట్టింది. కుట్టేది ఆడపిట్టే. ముక్కుతో ఆకు అంచున చిల్లు పొడిచి, ఆ చిల్లులోంచి సాలీడు దారమో దూది పోగో లాగుతుంది. ముడి వేయదు. దారం కొస పీచులా విచ్చుకుని చిల్లుకు బిరడాలా పట్టేస్తుంది. ఆకులు చెట్టుకే ఉంటాయి కాబట్టి వాడవు, గూడు పచ్చగానే ఉంటుంది. ఆ సాలీడు దారాలు ఎక్కడివో తెలుసా? మా వరండా మూలవి. అప్పటినుంచి ఆ ఒక్క మూలలో మీ చెల్లెలు బూజు దులపడం మానేసింది.

ఆ మొదటి గూడు నిలవలేదు. ఒకరోజు మధ్యాహ్నం జెముడుకాకి వచ్చి చీల్చేసింది. ఆ జంట సాయంత్రం దాకా చెట్టు చుట్టూ అరుస్తూ తిరుగుతుంటే నాకు అన్నం సయించలేదు. జెముడుకాకిని తరిమేయాలని రెండు రోజులు కర్ర పట్టుకుని కాపలా కాశాను కూడా. కానీ మా పాదులను తినే నత్తలను ఏరుకుని తినేదీ అదే. దాని గూట్లోనూ పిల్లలుంటాయి. కర్ర పక్కన పెట్టేశాను. పది రోజులు తిరగకముందే దర్జీపిట్ట ఈసారి ఇంకా గుబురులోకి వెళ్ళి మళ్ళీ కుట్టుకుంది. ఇప్పుడు అందులో పిల్లలున్నాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. మనం అటూ ఇటూ తిరిగితే కాకులకూ పిల్లులకూ దారి చూపించినట్టే అవుతుంది. అందుకే వంటింటి కిటికీలోంచే చూస్తున్నాం.

ఆ పిల్లలకు తిండి ఎక్కడినుంచి వస్తోందనుకున్నావు? పాత కరివేపాకు మొక్క మీదినుంచే. ఈసారి తొమ్మిది గొంగళిపురుగులు ఉండేవి, నిన్నటికి మూడు మిగిలాయి. రోజూ పలకరించి వచ్చేవాణ్ణి కాబట్టి మొదట గుండె కలుక్కుమంది. కానీ మూడు మిగిలాయి చూడు, మళ్ళీ గుడ్లు పెట్టడానికి అవి చాలు.

చెప్పడం మరిచిపోయాను, దొండ పందిరి పాత వెదురు గెడలను మార్చకుండా ఉంచాం. నల్ల తుమ్మెదలు వాటికి గుండ్రటి కన్నాలు తొలిచి కాపురం పెట్టాయి, కింద పొట్టు రాలుతుంటుంది. వంగపువ్వును పట్టుకుని అవి ఝుమ్మంటే ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు.

ఇక నీ బాల్కనీ సంగతి. ముందు నూకలు ఆపెయ్. ఒక పెద్ద కుండీలో కరివేపాకు, ఒకదానిలో నూరువరహాలు, ఒకదానిలో తులసి పెట్టు. తులసి వెన్నులను తుంచకు, తేనెటీగలు వాటికోసమే వస్తాయి. ముద్దమందారం కాకుండా ఒంటిరేకు మందారం వేస్తే తేనెపిట్ట రావచ్చు. నర్సరీలో కొనేటప్పుడు మందు కొట్టారేమో అడుగు. నేను మొదట తెచ్చిన మొక్క మీద పుట్టిన పురుగులు రెండు రోజుల్లో రాలిపోయాయి. నీళ్ళు లోతులేని మట్టి మూకుడులో పోసి, ఈగలూ తుమ్మెదలూ వాలడానికి మధ్యలో ఒక గులకరాయి పెట్టు. రోజు విడిచి రోజు తోమి నీళ్ళు మార్చు, లేకపోతే దోమలు పెరుగుతాయి. రాలిన ఆకులను ఊడ్చి పారేయకుండా కుండీల్లోనే వేసెయ్. ఆకుకు చిల్లు పడిందని చెల్లెమ్మ మందు సీసా తీస్తే మాత్రం ఈ ఉత్తరం చదివి వినిపించు.

నాలుగో అంతస్తుకు ఏవీ రావని అనుకోకు. కరివేపాకు ఎక్కడుందో సీతాకోకచిలుక వాసన పట్టి వెతుక్కుంటుంది. కాస్త ఓపిక పట్టు. మొదటి "రెట్ట" కనబడగానే నాకు ఫోను చెయ్, అర్ధరాత్రయినా సరే.

కిటికీ బయట ఆడపిట్ట మళ్ళీ వచ్చింది. ముక్కున ఆకుపచ్చగా ఏదో ఉంది. వెళ్ళి చూడాలి.

ఉంటాను,
నీ నేస్తం