శుభలేఖల మెట్లు

చిన్నీ,

నిన్న అటక సర్దుతుంటే నీ చార్మినార్ దొరికింది. తొమ్మిదో క్లాసు సెలవుల్లో చేశావే, అది. ఒక మినారు పక్కకు ఒరిగింది కానీ లోపలి మెట్లు చెక్కుచెదరలేదు. అసలు కట్టడం ఒక్కో వైపు 20 మీటర్లు కాబట్టి అట్ట 20 సెంటీమీటర్లు కోస్తానని స్కేలు పట్టుకుని కూర్చున్నావు. పైకి 149 మెట్లని తెలిసి, పాత శుభలేఖలన్నీ పోగేసి గోరంత ముక్కలు కోశావు. చీపురు పుల్ల చుట్టూ ఒక్కొక్కటే ఫెవికాల్‌తో అంటించావు. "పైన మూసేస్తే ఎవరికి కనిపిస్తాయే?" అన్నాను. "మెట్లు లేకపోతే పైకెలా ఎక్కుతారమ్మా?" అన్నావు.

మొన్న వచ్చినప్పుడు చేసిన మొజంజాహీ మార్కెట్‌ను దాని పక్కన పెట్టాను. గడియారం, గోపురం, రాళ్ల అతుకులు ఎంత బాగా కుదిరాయో! వెనక్కి తిప్పితే ఉత్త అట్ట. ఫొటోలో ముందువైపే పడుతుంది కదా అన్నావు. స్టేటస్‌లో పెట్టి, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదని ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. 1935లో కట్టిన ఆ మార్కెట్లో మనకు బాగా తెలిసింది లోపలి వైపే కదే. సీతాఫలం ఐస్‌క్రీమ్ మోచేతుల దాకా కార్చుకుంటూ నువ్వు దుకాణాలు లెక్కపెట్టేదానివి.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. పెళ్లైన కొత్తలో, చిక్కడపల్లిలో, సంక్రాంతి ముగ్గుల పోటీ. నాకు ఇష్టమైంది మెలికల ముగ్గు, 15 చుక్కలు, 8 వరకు సందు చుక్క. రంగులుంటేనే ప్రైజు అని ఎవరో అంటే నెమలిని వేశాను. ప్రైజు రాలేదు. అది పోనీ, ఆ తర్వాత వారం రోజులు ముగ్గు డబ్బా ముట్టుకోబుద్ధి కాలేదు. అదే బాధ. ఓ రోజు నిద్రపట్టక, వీధి ఇంకా లేవకముందే మెలికల ముగ్గు వేశాను. కాసేపటికే పాలబండి దాని మీదుగా పోయింది. నాకేం అనిపించలేదు. చివరి మెలిక వచ్చి కలిసినప్పటి సంతోషం అప్పటికే చేతికి అందింది.

ఎవరికీ చూపించొద్దని అనను. మెచ్చుకుంటే ఎవరికైనా బాగుంటుంది. కానీ అట్ట ఎక్కడ కోయాలో ఫోన్‌ను చెప్పనివ్వకు తల్లీ.

ఈ సీజన్లో శుభలేఖలు పదకొండు వచ్చాయి, అన్నీ దాచాను. ఒరిగిన మినారు అంటిస్తానని మీ నాన్న అంటే, నువ్వొచ్చే దాకా ముట్టుకోవద్దన్నాను.

అమ్మ