బటన్ నొక్కకముందే పేరొచ్చేసింది

ఒరేయ్ తమ్ముడూ,

అందరూ కులాసానా? నువ్వు కొత్తవాళ్లకి ప్రోగ్రామింగ్ చెప్పబోతున్నావని అమ్మ చెప్పింది. ఫోన్ చేద్దామంటే నాకు తీరిక దొరికేసరికి మీకు అర్ధరాత్రి, అందుకే రాస్తున్నా.

నేనూ ఇక్కడ ఆదివారాలు ఓ పదిమందికి నేర్పుతున్నాను, అందరూ పెద్దవాళ్లే. మొదటి బ్యాచ్‌కి మనకి చెప్పినట్టే చెప్పాను: వేరియబుల్, లూప్, నల్ల తెర మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు. మూడో వారానికి సగంమంది మాయం. రెండో బ్యాచ్‌కి మొదటి రోజే ఒక విండో, అందులో ఒక బటన్ పెట్టించాను. పైథాన్ భాషతో పాటే విండోలూ బటన్లూ చేసే టికింటర్ వస్తుంది (లినక్స్‌లో ఒక్కోసారి విడిగా వేసుకోవాలి), కాబట్టి పెద్ద తలనొప్పి లేదు.

బటన్ నొక్కితే పేరు కనబడాలి, అంతే పని. ఒకావిడ, నొక్కితే ఏం జరగాలో చెప్పే కమాండ్ అన్నచోట ఫంక్షన్ (ఆ పని చేసే కోడ్ ముక్క) పేరు రాసి పక్కన బ్రాకెట్లు కూడా పెట్టేసింది. విండో తెరుచుకోగానే పేరు ప్రత్యక్షం, ఆ తర్వాత బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. బ్రాకెట్లు పెడితే ఇప్పుడే ఫోన్ చేసినట్టు, పెట్టకపోతే అవసరమైనప్పుడు చెయ్యమని నంబర్ రాసిచ్చినట్టు అన్నాను. ఫంక్షన్ అంటే ఏంటో నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ఆ చచ్చిన బటన్‌తో ఎక్కింది.

తర్వాత సెల్సియస్‌ని ఫారన్‌హీట్‌లోకి మార్చడం. తొమ్మిదితో గుణించి, అయిదుతో భాగించి, 32 కలపాలి కదా, 37కి 98.6 రావాలి. ఏమీ రాలేదు. విండో ప్రశాంతంగా కూర్చుంది, ఎర్రరేమో వెనకున్న టెర్మినల్‌లో (అదే ఆ నల్ల తెర) పడింది, అది చూడాలని ఎవరికీ తెలీదు (ముందే చెప్పకపోవడం నా తప్పే, నువ్వు మొదటి రోజే చూపించు). గుణించిన చోట ప్రింట్ పెట్టిస్తే 37ని తొమ్మిదిసార్లు పక్కపక్కన పేర్చి ఉంది! పెట్టెలో కొట్టింది అంకెలా కనిపించినా పైథాన్‌కి అది అక్షరాలే, ఫ్లోట్ (దశాంశ సంఖ్య) చేస్తేగానీ లెక్కకి రాదు. ఎంత నవ్వుకున్నారో, ఇక ఎవరూ మర్చిపోలేదు.

బటన్లు లాగి పెట్టే టూల్స్ మాత్రం మొదట్లో వద్దురా. 1991లో వచ్చిన విజువల్ బేసిక్ ఆ దారిలోనే ఎంతోమందిని ప్రోగ్రామర్లను చేసింది, కాదనను. కానీ వాళ్ల కోసం టూల్ రాసిపెట్టిన కోడ్ చూస్తే కొత్తవాళ్లు భయపడతారు, అదే పది లైన్లు చేత్తో కొడితే ప్రతి లైనూ వాళ్లదే.

టైమర్ చేయించేటప్పుడు జాగ్రత్త. అందరూ ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపేసే స్లీప్ పెడతారు, విండో బిగుసుకుపోతుంది, కంప్యూటర్ పాడైందేమోనని టెన్షన్. టికింటర్‌లోని ఆఫ్టర్ వాడి 1000 (మిల్లీసెకన్లు) ఇస్తే మన ఫంక్షన్‌ని సెకను తర్వాత పిలుస్తుంది, ఈలోగా బటన్లూ పనిచేస్తుంటాయి.

క్లాసు మొదలెట్టేలోగా నువ్వే ఒక టైమర్ చేసి నాకు పంపు. అందులో స్లీప్ కనిపించిందో, అమ్మతో చెప్తా.

అన్నయ్య